దుమ్ము వంతు

బయల్దేరి గంట కూడా కాలేదు, ఆర్డిత్ క్రూప్కా పళ్ల మధ్య మట్టి కరకరలాడింది. పది బండ్లలో ఆమెది పదోది. ముందున్న బండ్ల చక్రాలూ గిట్టలూ కలిసి లేపిన కంకర రోడ్డు దుమ్ము గాల్లో కాసేపు ఎటు పోవాలా అని ఆలోచించుకుని, చివరికి తీరిగ్గా వచ్చి ఆమె మీదే కూర్చుంటోంది. వాన మొహం చూడని జూన్ నెల. రోడ్డుకి అటూ ఇటూ మొక్కజొన్న మోకాలెత్తు పెరిగింది గాని, ఆకులు దుమ్ము కొట్టుకుపోయి గోధుమ చేను రంగుకి తిరిగాయి.

ఆమె ముక్కుకి కట్టుకున్న రుమాలు పైకి లాక్కుని పగ్గాలు కాస్త వదులు చేసింది. ఎడం పక్క కంచర గాడిద టిల్డా తల విదిలించి ఒక్కసారి దగ్గింది. కుడి పక్కనున్న జూనో ఆ దగ్గు వైపు చెవులు తిప్పింది. ఆర్డిత్ చెవులు తిప్పలేదు గాని, ఆమె ధ్యాసా అక్కడే ఉంది. చలికాలంలో బూజు పట్టిన గడ్డి వల్ల వచ్చిన దగ్గు అది. వసంతం వచ్చాక తగ్గింది. పశువుల డాక్టరమ్మ పరీక్ష చేసి, బండికి కట్టుకోవచ్చు, దుమ్ము మాత్రం తగలనివ్వకు, అంది. దుమ్ము తగలనివ్వకపోవడమట! ఈ నెబ్రాస్కాలో దుమ్ము తగలని చోటు చర్చి ఒక్కటే, అదీ ఊడ్చిన రోజున.

కౌంటీ పుట్టి నూట పాతికేళ్లయిన పండగ ఇది. మొదట వచ్చినవాళ్లు ఏ దారిన వచ్చారో ఆ దారినే, ప్లాట్ నది ఒడ్డు నుంచి హార్గన్ ఊరి దాకా, ఐదు రోజుల బండి ప్రయాణం. బండ్ల వరస కమిటీవాళ్లు ముందే తేల్చేశారు. ఏ కుటుంబం ముందొచ్చిందో ఆ కుటుంబం బండి ముందు. బ్రూనింగులు అందరికన్నా ముందొచ్చారు కాబట్టి మొదటి బండి వాళ్లది. క్రూప్కాలు అందరికన్నా ఆఖరున, అదీ రైల్లో వచ్చారు. ఆ లెక్కన ఆర్డిత్‌ని రానివ్వడమే గొప్ప అన్నట్టు మాట్లాడారు కొందరు.

మధ్యాహ్నం పశువులకి నీళ్లు పెట్టే చోట ఆమె డ్వేన్ హోల్మ్‌క్విస్ట్‌ని పట్టుకుంది. డ్వేన్ మామూలు రోజుల్లో ధాన్యం గోదాము నడుపుతాడు, ఈ ఐదు రోజులకీ బిడారు పెద్ద. తెల్ల టోపీ కొన్నాడు, మీసం పెంచాడు. టోపీ కుదిరింది, మీసం ఇంకా కుదరలేదు. ఇద్దరూ ఒకే బళ్లో చదువుకున్నారు.

“డ్వేన్, నా టిల్డా దగ్గుతోంది. నన్ను కాస్త మధ్యలోకి జరుపు.”

“మధ్యలోకంటే ఎవర్ని వెనక్కి పంపమంటావు? వరస నేను పెట్టింది కాదు తల్లీ, కమిటీ పెట్టింది. ముందొచ్చినవాళ్లు ముందు.”

“ముందొచ్చినవాళ్లంతా ఎప్పుడో పోయారు. ఇప్పుడున్నవాళ్లం అందరం ఇక్కడ పుట్టినవాళ్లమే, నాతో సహా.”

“అది కమిటీకి చెప్పుకో.”

“కమిటీలో నువ్వున్నావుగా!”

“ఉన్నాను కాబట్టే చెప్తున్నా, వినరు.”

పక్కన బకెట్‌తో నీళ్లు తోడుతున్న కెంట్ బ్రూనింగ్ తలెత్తాడు. మొదటి బండి నడిపేది అతనే. నలభై ఏళ్లుంటాయి, మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు. “ఆర్డిత్ అక్కా, మీవాళ్లు రైల్లో కదా వచ్చింది? మీకసలు బండెక్కడమే ప్రమోషను.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆర్డిత్ కూడా నవ్వింది. ఆ ఊళ్లో నవ్వకపోతే మాట తగిలిందని అందరికీ తెలిసిపోతుంది. తగిలింది.

సాయంకాలం మకాం దగ్గర ఆమె ముందు టిల్డా పట్టెడ విప్పి, మెడ కింద చెమటని గోనె ముక్కతో తుడిచింది. గుడ్డ తడిపి రెండు ముక్కుపుటాలూ లోపలిదాకా కడిగింది. ఎండుగడ్డి అలాగే వేస్తే దాన్లోంచి కూడా దుమ్మే లేస్తుంది. తొట్టిలో నానబెట్టి, పిండి, అప్పుడు వేసింది. బిడారు వెంటే వస్తున్న డాక్టరమ్మ జాయ్స్ చెవులకి గొట్టాలు తగిలించుకుని టిల్డా పక్కటెముకల మీద చాలాసేపు వింది.

“ఊపిరి బరువుగా ఉంది అక్కా. రోజూ సాయంత్రం చూస్తాను. ఎక్కువైతే ట్రైలరెక్కించి ఇంటికి పంపేస్తాను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.”

“ముందే తిట్టేసుకుంటాలే.”

నవ్వుతూ అందే గాని, టిల్డా మెడ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆర్డిత్ పెళ్లి చేసుకోలేదు, పొలం చేసుకుంది. ఈ రెండు కంచర గాడిదలూ పిల్లలుగా ఉన్నప్పట్నుంచి ఆమె చేతిమీదే పెరిగాయి, ఆమె దగ్గరే బండి నేర్చుకున్నాయి. వాటి వెనక పగ్గాలు పట్టుకుని హార్గన్ పెద్ద వీధిలోకి వెళ్లాలని ఆమె కోరిక. ఇంకేమీ అక్కర్లేదు. ఒక గాడిద ఇంటికి పోతే రెండోది బండి లాగలేదు. అంటే ఇద్దరూ, ఆమెతో కలిపి ముగ్గురూ, ఇంటికే.

*

రెండో రోజు ఆమె ఒక ఉపాయం చేసింది. ఆమెకి సరిగ్గా ముందున్న బండి ఓర్విల్ స్టీన్‌ది. దాన్ని కాస్త ముందుకి పోనిచ్చి, దుమ్ము నేలకి దిగేదాకా ఆగి, అప్పుడు తన బండి కదిల్చింది. మధ్యలో ఒక పొలం పొడుగు ఖాళీ వచ్చింది. గాలి కనిపించింది. టిల్డా మెడ సాగదీసి కులాసాగా నడిచింది. ఇంతలో ఎవరో గడ్డి మోపులు వేసుకుని పోతున్న పికప్పువాడు, బిడారు అయిపోయిందనుకుని ఆ ఖాళీలో దూరాడు. ఓర్విల్ గుర్రాలు బెదిరాయి. డ్వేన్ గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చాడు.

“ఖాళీ వదలొద్దు అని చెప్పానా లేదా? షెరీఫు మనకి రోడ్డిచ్చింది అందరం ఒక్క తాడులా పోతామంటేనే.”

“ఊపిరాడ్డం లేదు డ్వేన్ దానికి.”

“అయితే పక్కకి తీసి ఆపుకో. ఎవరి కోసమూ బిడారు ఆగదు. పక్కకి తీసినవాళ్లు మళ్లీ చివరే కలవాలి. రూలంటే అందరికీ రూలే.”

“నేను చివరే ఉన్నాను కదా నాయనా!”

డ్వేన్ ఒక్క క్షణం ఆలోచించాడు. “అయితే నీకు ఇబ్బందే లేదు” అని గుర్రం తిప్పుకుని వెళ్లిపోయాడు. పైగా అందులో తప్పేమీ కనబడలేదు అతనికి.

ఆ తర్వాత ఆర్డిత్ పలచటి పాత కర్టెను గుడ్డ తడిపి టిల్డా ముక్కు మీద వేలాడదీసింది. కాసేపటికే అది మట్టిగుడ్డ అయింది. బండి పక్కకి తీసి దిగడం, గుడ్డ పిండడం, నీళ్ల డబ్బాలో మళ్లీ తడపడం, కట్టడం, ఎక్కడం, పరుగెత్తించి అందుకోవడం. పరుగెత్తిస్తే మళ్లీ ఆయాసం. మధ్యాహ్నానికల్లా ఆమె నడుం పడిపోయింది. సాయంత్రం జాయ్స్ చెవుల్లోంచి గొట్టాలు తీసి టిల్డా మెడ నిమిరింది. ఆ నిమరడం ఆర్డిత్‌కి నచ్చలేదు.

*

మూడో రోజు పొద్దున ఆర్డిత్ బండి దగ్గరికి ఒక దిండూ, దాని వెనక హెడ్విగ్ మామ్మా వచ్చారు. బ్రూనింగుల కుటుంబానికి పెద్ద ఆవిడ. ఎనభై ఆరేళ్లు. కెంట్‌కి నాయనమ్మ. రెండ్రోజులుగా మొదటి బండిలో కుర్చీ వేయించుకుని, దారిలో ఇళ్ల ముందు నిలబడ్డ వాళ్లందరికీ చెయ్యి ఊపుతూ వస్తోంది.

“ఏమ్మాయ్, నీ బండిలో చోటుందా?”

“మొదటి బండి వదిలేసి నా దాంట్లోకి ఎందుకు మామ్మగారూ?”

“అక్కడ చూడ్డానికేముంది? రోడ్డు. పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. చెయ్యి ఊపి ఊపి భుజం పట్టేసింది. నీ పక్కనైతే ఎవరూ నన్ను చూడరు.”

ఆమెని ఎక్కించడానికి ఓర్విల్ వచ్చి నడుం పట్టుకుంటే, “పట్టుకున్నది చాలు, వదులు, నువ్వూ ముసలాడివే” అని కసిరింది. దిండు సర్దుకుంది. బండ్లు కదిలాయి. కాసేపు అదీ ఇదీ మాట్లాడింది, ఎవరి మొక్కజొన్న ఎలా ఉంది, ఎవరి కోడలు ఎలా ఉంది. తర్వాత మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. ముందున్న బండ్లేమీ కనబడటం లేదు, ఓర్విల్ బండి గుడ్డ కప్పు మాత్రం చాకిరేవు నుంచి తెస్తుంటే మట్టిలో పడ్డ దుప్పటిలా ఊగుతూ కనిపిస్తోంది. హెడ్విగ్ మామ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. చివరికి విసుగొచ్చి సంచీలో పడేసింది.

“రోజూ ఇలాగేనా?”

“మొదటి రోజు గాలి కొంచెం అటు వీచింది. అప్పుడింత లేదు.”

టిల్డా దగ్గింది. ఈసారి ఒకటితో ఆగలేదు. నడక తప్పి, మెడ దించి, పక్కటెముకలు ఎగరేసి దగ్గింది. ఆర్డిత్ బండి పక్కకి తీసి దిగింది. ముసలావిడ కూర్చున్న చోటు నుంచి అంతా చూసింది, గుడ్డ విప్పడం, పిండితే ఎర్రటి బురద నీళ్లు కారడం, ఆర్డిత్ ఆ గాడిద నుదుటికి తన నుదురు ఆనించి కాసేపు అలాగే నిలబడటం. బండి మళ్లీ వరసని అందుకున్నాక అంది:

“మా నానమ్మావాళ్లు ఈ దారినొచ్చినప్పుడు ఇలా కాదే. ఇవాళ ముందు నడిచిన బండి రేపు అందరి వెనక్కీ పోవాలి. అలా ఒక్కొక్క బండీ ముందుకొస్తుంది, ఒక్కొక్కటీ వెనక్కెళ్తుంది. దుమ్ము వంతు అనేది మా నానమ్మ. ఫాదరీ అయినా సరే, వంతొచ్చిన రోజు తినాల్సిందే. ఒకసారి మా తాత, నా గుర్రాలు చురుకైనవి, నేను ముందే ఉంటానని మొండికేశాట్ట. మా నానమ్మ బండి దిగిపోయి చివరి బండిలో ఎక్కి కూచుందిట. రెండ్రోజులు వంట లేదు ఆయనకి.”

ఆర్డిత్ పకపకా నవ్వింది, నోట్లో దుమ్ము పోయి దగ్గింది. “మరి కమిటీకి తెలీదా ఈ సంగతి?”

“నేనే చెప్పాను. వంతులు పెడితే ఎవరు ముందొచ్చారో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుందండీ అన్నారు.”

కాస్త దూరం పోయాక ఆర్డిత్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది: “వందేళ్ల పండగప్పుడు మా నాన్న ఇలాగే బండి కట్టుకుని వచ్చాడు. మీవాళ్లు ఎప్పుడొచ్చారని అడిగారు. చెప్పాడు. బండి విప్పించి, చేతికో చిన్న జెండా ఇచ్చి, పేవ్‌మెంటు మీద నిలబడి ఊపమన్నారు. ఊపాడు. నేను పక్కనే ఉన్నాను.”

హెడ్విగ్ మామ్మ సంచీలోంచి కళ్లద్దాలు తీసి, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుంది.

“అప్పుడు కమిటీ పెద్ద మా ఆయన” అంది చివరికి.

“తెలుసు.”

ఆ సాయంత్రం మకాం ఒక పల్లెటూరి బడి ఆవరణలో. చర్చి ఆడవాళ్లు బల్లలు వేసి పంది మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు, పళ్ల గుజ్జు పెట్టి కాల్చిన కొలాచీ బన్నులు పెట్టారు. అందరూ కొళాయి దగ్గర మొహాలు కడుక్కుని, తలలు దువ్వుకుని వచ్చారు. హెడ్విగ్ మామ్మ కడుక్కోలేదు. తెల్ల జుట్టు మట్టిరంగై, కనుబొమలు పొలం గట్లలా మందంగా పేరుకుని, పెదాల మీద పగుళ్లతో వచ్చి సరిగ్గా పెద్దల బల్ల మధ్యలో, తన పేరు రాసి ఉన్న కుర్చీలో కూర్చుంది. పక్కన కౌంటీ జడ్జి, ఆయన భార్య.

కెంట్ పరుగెత్తుకొచ్చాడు. “మామ్మా, ఏంటిది! నీళ్లున్నాయి అక్కడ, రా కడుగుతాను.”

“అక్కర్లేదురా. ఆర్డిత్ మూడ్రోజుల నుంచీ ఇదే తింటోంది. నేనొక్కరోజు తింటే అరగదా? ఆ దుంపలు ఇటు జరుపు.”

ఆమె నెమ్మదిగా, పొట్ట నిండా తింది. కొలాచీ తుంచితే దాని మీద వేళ్ల మట్టి అంటుకుంది, అలాగే నోట్లో పెట్టుకుంది. ఇక్కడి జనం ఇలాంటప్పుడు ఏమీ అనరు. తలవంచుకుని తింటారు, వానల గురించి మాట్లాడతారు. ఆ రోజు వానల గురించి కూడా ఎక్కువ మాట్లాడలేదు. డ్వేన్ మాత్రం కాఫీ తాగుతూ ఎటో చూస్తూ కూర్చున్నాడు.

బడి వెనక జాయ్స్ టిల్డాని పరీక్ష చేయడం అయింది. “అక్కా, రేపు సాయంత్రం కూడా ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ లేదు. దీని ఊపిరితిత్తులు పాడు చేసుకుని ఊరేగడం నీకూ ఇష్టం ఉండదు.”

“ఇష్టం లేదు” అంది ఆర్డిత్. అబద్ధం కాదు. ఆ రెండు ముక్కలూ అనేసి గడ్డి తొట్టి వైపు తిరిగింది.

*

నాలుగో రోజు బండ్లు బడి ఆవరణ దాటి, గాలిని ఆపడానికి దేవదారు చెట్లు వరసగా నాటిన చోటికి వచ్చేసరికి మొదటి బండిలోంచి, తిరిగి అక్కడే ఎక్కిన హెడ్విగ్ మామ్మ పెద్ద కేక వినిపించింది.

“కెంట్! ఆపరా బండి. నేను దిగాలి.”

“ఇప్పుడే కదా మామ్మా బయల్దేరాం!”

“ఎనభై ఆరేళ్లదానికి నీ టైము చూసి వస్తుందిట్రా? పక్కకి తియ్యి. బిడారు ఆపకు, రూలు ఒప్పుకోదు.”

కెంట్ బండి పక్కకి తీశాడు. హెడ్విగ్ మామ్మ మనవడి భుజం పట్టుకుని మెట్టు తర్వాత మెట్టు దిగి, చేతికర్ర పొడుస్తూ చెట్ల వెనక్కి వెళ్లింది. రెండో బండి దాటింది. మూడోది దాటింది. కెంట్ టోపీ తీసి తొడ మీద కొట్టుకుంటూ, “మామ్మా, అయిందా?” అని అరుస్తున్నాడు. జవాబు లేదు. ఆర్డిత్ బండి అక్కడికి వచ్చేసరికి ముసలావిడ చెట్ల వెనక మొద్దు మీద తీరిగ్గా కూర్చుని గడ్డిపూలు కోసుకుంటోంది.

“ఏం మామ్మగారూ, ఒంట్లో బాగానే ఉందా?”

“దివ్యంగా ఉంది. నువ్వు పద, నా వంతు చెడగొట్టకు.”

ఆర్డిత్ దాటాక వెనక కెంట్ బండి వచ్చి చివర కలిసింది. మొదటి రోజు నుంచీ మొదటిసారిగా ఆమె వెనక ఇంకొక బండి ఉంది. ముందు దుమ్ముకేమో పెద్ద తేడా లేదు. ఒక బండి తగ్గింది, అంతే. ఆమె టిల్డా చెవులనే చూస్తూ, ఎంతసేపు లాగుతావే తల్లీ అనుకుంటూ తోలుతోంది.

చిన్న వంతెన దాటాక ఇప్పుడు ముందున్న బండి పక్కకి జరిగింది. దాన్ని తోలే థర్లో దిగి చక్రం దగ్గర వంగి, ఏదో బోల్టు బిగిస్తున్నట్టు నిలబడ్డాడు. చేతిలో రెంచీ కూడా లేదు. బండ్లన్నీ దాటిపోయేదాకా బిగించి, కెంట్ వెనక చేరాడు. తర్వాత ఇంకొకరి టోపీ ఎగిరిపోయింది. ఆకు కదలని ఎండలో ఎలా ఎగిరిందో వాళ్లకే తెలియాలి. ఇంకొకరి గుర్రానికి గిట్టలో రాయి ఇరుక్కుంది. ఇంకొకరికి పిల్లాడు ఏడుస్తున్నాడని దిగాల్సి వచ్చింది, తీరా చూస్తే ఆ బండిలో పిల్లలే లేరు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఒక్కొక్కరూ ముందుకి రావడం, ఏదో వంక పెట్టుకుని పక్కకి తీయడం, ఆర్డిత్ దాటుతుంటే టోపీ అంచు తాకడం.

మధ్యాహ్నం దాటేసరికి ఆమె ముందు ఓర్విల్ స్టీన్ ఒక్కడే మిగిలాడు. అతను వంకలు వెతుక్కునే రకం కాదు. బండి పక్కకి తీసి, పగ్గాలు ఒళ్లో పెట్టుకుని, పైపు ముట్టించాడు.

“నీకేమైందయ్యా?” అంది ఆర్డిత్.

“నాకేం కాలేదు. పొగ తాగుతున్నా. కనబడటం లేదా?”

ఆమె ముందు రోడ్డు బారుగా, ఖాళీగా, ఎవరూ తొక్కకుండా పరుచుకుని ఉంది. ఆమె ముక్కుకి ఉన్న రుమాలు లాగి మెడలోకి దించింది. గడ్డి వాసన వచ్చింది. అంతదాకా అక్కడ గడ్డి ఉందన్న సంగతే మర్చిపోయింది. టిల్డా రెండు ముక్కుపుటాలూ పుర్రుమని చీది, ఒళ్లంతా ఒకసారి జాడించి, జూనోతో అడుగు కలిపింది. ఆర్డిత్‌కి కళ్లు నిండుకొచ్చాయి. తుడుచుకుంటే చెంపల మీద బురదైంది. ఎవరూ చూడటం లేదు కాబట్టి అలాగే వదిలేసింది.

డ్వేన్ గుర్రం ఆమె బండి పక్కకి వచ్చింది. కాసేపు కలిసి నడిచింది.

“ఏంటి ఆర్డిత్, ఇదంతా?”

“బోల్టులు డ్వేన్. కౌంటీలో ఉన్న బోల్టులన్నీ ఇవాళే వదులయ్యాయి.”

డ్వేన్ మీసం కొరుక్కున్నాడు. రూలు తను చెప్పిందే, తప్పింది ఎవరూ లేరు. ఏమనగలడు? “ఖాళీ వదలకు” అని మాత్రం అని, గుర్రం తిప్పి వెనక్కి వెళ్లాడు. సాయంత్రం దాకా వెనకే ఉన్నాడు. మకాం చేరేసరికి అతని తెల్ల టోపీ తెల్లగా లేదు.

జాయ్స్ విని, గొట్టాలు తీసి, మళ్లీ పెట్టుకుని విని, నవ్వింది. “నిన్నటికన్నా చాలా నయం. రేపంతా తారు రోడ్డే, ఇంక బెంగలేదు. తోలుకో.”

*

ఐదో రోజు పొద్దున పట్టెడలు బిగిస్తుంటే డ్వేన్ వచ్చి బండి చక్రం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“ముందు నువ్వే ఉండు. కమిటీకి నేను చెప్పుకుంటాను.”

“వినరన్నావుగా?”

“వినకపోతే వాళ్లని కూడా పదో బండి వెనక కూచోబెడతా” అన్నాడు. అంటూ మొదటి బండికుండే జెండా కర్ర తెచ్చి ఆమె బండి ముందు గుచ్చి, కదలకుండా తాడుతో కట్టాడు.

ఆర్డిత్ సంతోషం పట్టలేకపోయింది. చిన్నపిల్లలా టిల్డా మెడ కౌగిలించుకుని, “చూశావటే, చూశావటే” అంది. తారు రోడ్డు మీద గిట్టలు టకటకమంటుంటే బండి పెళ్లికి పోతున్నట్టే పోయింది. దూరంగా హార్గన్ ధాన్యం గోదాము తెల్లగా పైకి లేచింది. నీళ్ల ట్యాంకు కనిపించింది. ట్రాక్టర్లు అమ్మే షాపు దగ్గరికి వచ్చేసరికి బ్యాండు మేళం వినబడింది. ఇంక ఆ మలుపు తిరిగితే పెద్ద వీధి. అటూ ఇటూ పేవ్‌మెంట్ల మీద ఊరంతా ఉంటుంది. కౌంటీ మొత్తం మొదట చూసేది క్రూప్కా బండినే. నాన్న ఉంటే, అనుకుంది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. తన వెనక కెంట్ బండి. దాని వెనక థర్లో. ఆ వెనక మిగిలినవాళ్లు, అన్నిటికీ చివర ఓర్విల్. నిన్న ఒక్కొక్కరూ పక్కకి తీసి చేరిన వరస. నిన్న ముందున్నది నేను, అనుకుంది. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. నిన్న వాళ్లంతా చేసింది నాకు సింహాసనం వేయడానికా? ఇవాళ నేనే ముందుంటే బ్రూనింగులు మూడ్రోజులు చేసిందీ ఇదే కదా? ఛ, ఇవాళే గుర్తు రావాలా ఈ పాడు ఆలోచన అని తన్ను తానే తిట్టుకుంది. ఆ ఆలోచన ఇంకో రెండు చక్రాల తిరుగుడు ఆగి వచ్చుంటే బండి మలుపు తిరిగిపోయేది. ఆమె పగ్గాలు కుడిపక్కకి లాగి, ట్రాక్టర్ల షాపు ముందు బండి పక్కకి తీసి ఆపింది.

కెంట్ దాటలేదు. అతనూ ఆపాడు. అతని వెనక అందరూ ఆగారు.

“ఏమైంది అక్కా? మళ్లీ దగ్గుతోందా?”

“లేదు. నువ్వు పద.”

“నేను పోను. నిన్న రోజంతా చివర కూచున్నాను. ఇంకా చెవుల్లోంచి మట్టి రాలుతోంది. ఆ రోజు నీళ్ల దగ్గర అన్న మాటకి సిగ్గుగా ఉంది నాకు.”

“సిగ్గుపడ్డావుగా, చాల్లే. నిన్న ముందున్నది నేను. ఇవాళ వెనక వంతు నాది.”

“ఇవాళ దుమ్మే లేదు కదా!”

“దుమ్ము లేదు, పేడ ఉంది. తొమ్మిది బండ్ల పేడ. పోనీ, అది నువ్వు తీసుకుంటావా?”

కెంట్ నవ్వాడు గాని కదల్లేదు. వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. “అక్కా, నువ్వు వెనక్కిపోతే మళ్లీ సరిగ్గా కమిటీ వరసే అవుతుంది. మేం ముందు, నువ్వు చివర. చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది? వాళ్లు చెప్పిందే జరిగిందనుకుంటారు.”

“అనుకోనీ.”

బండిలోంచి హెడ్విగ్ మామ్మ కర్రతో కెంట్ వీపు మీద పొడిచింది. “పోరా. ఆమె వంతు ఆమెని తీసుకోనీ. మనవాళ్లు మర్చిపోయిన మర్యాద అది.” ఆర్డిత్ జెండా కర్ర తాడు విప్పి అందించింది. ముసలావిడ అందుకుంది గాని దాన్ని ఎత్తలేదు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

బండ్లు ఒక్కొక్కటీ ఆమెని దాటాయి. నిన్న టోపీ అంచు తాకినవాళ్లు ఇవాళ టోపీ పూర్తిగా తీశారు. ఓర్విల్ దాటుతూ, “పేడ చూసుకుని తోలు” అన్నాడు. ఆమె అతని వెనక చేరింది.

పెద్ద వీధిలో ఆమె ప్రవేశించేసరికి బ్యాండు మేళం కోర్టు దగ్గరికి చేరిపోయింది. జనం మడత కుర్చీలు మడిచేస్తున్నారు. ఐస్‌క్రీం బండి దగ్గర వరస కట్టారు. మైకులో ఎవరో కాగితం చూసి చదివారు: “ఆఖరుగా క్రూప్కా కుటుంబం. వీళ్లు రైల్లో వచ్చారండోయ్!” కొంతమంది నవ్వారు. ఆర్డిత్ నవ్వలేదు, అవసరం కనబడలేదు. టిల్డా, జూనో తలలెత్తి, తొమ్మిది బండ్ల పేడ మధ్యలోంచి శుభ్రంగా అడుగులు వేసుకుంటూ నడిచాయి.

పేవ్‌మెంటు అంచున నిలబడ్డ ఒకావిడ బండితో పాటు నాలుగడుగులు నడిచి, జాలిగా పైకి చూసింది. “అయ్యో, మిమ్మల్ని అందరికన్నా చివర పెట్టేశారా?”

“ఎవరూ పెట్టలేదమ్మా” అంది ఆర్డిత్. “నేనే ఆగాను.”

ఆవిడకి అర్థం కాలేదు. అయినా తలూపి, చెయ్యి ఊపింది. ఆర్డిత్ పగ్గాలు ఎడం చేతిలోకి మార్చుకుని, తిరిగి చెయ్యి ఊపి, బండి ముందుకి పోనిచ్చింది.